మనకు కావలసిన వెబ్‌సైట్లన్నీ ఒకేచోట: ఉచిత ఆర్‌ఎస్‌ఎస్ రీడర్ ఎంచుకోవడం ఎలా?



ఈసారి కషాయాలు, ద్రావణాలు పక్కన పెట్టి ఫోన్ గురించి మాట్లాడుకుందాం. ఏ బటన్ ఎక్కడ నొక్కాలో పై వీడియోలో చూపించాను. ఏ రీడర్ ఎవరికి సరిపోతుంది, ఎందుకు అనేది వీడియోలో తొందరగా వెళ్లిపోయింది, అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

ముందు నాకు జరిగిన నష్టం చెప్తాను. పోయినేడాది రబీలో ఎకరన్నర మొక్కజొన్న వేశాను. చుట్టుపక్కల కత్తెర పురుగు మొదలైంది, ఆకుల మీద గుడ్ల సముదాయాలు వెతికి నలిపేయండి, వేపగింజల కషాయం సుడిలో పడేలా కొట్టండి అని నేను నమ్మే ఒక వెబ్‌సైట్‌లో రాశారు. ఆ లింకు మా గ్రూపులోకి కూడా వచ్చింది. కానీ గుడ్ మార్నింగ్ పువ్వులు, పుట్టినరోజు కేకులు, ఫార్వర్డ్ వీడియోల కింద మునిగిపోయింది. నేను చూసేసరికి పన్నెండు రోజులు. అప్పటికే ఆకుల మీద వరసగా చిల్లులు, సుడి నిండా రంపపు పొట్టు లాంటి రెట్ట. ఈ పురుగు చిన్నగా ఉన్నప్పుడే కషాయానికి లొంగుతుంది. పెద్దదై సుడిలో దాక్కున్నాక కషాయం దాని దాకా చేరడమే కష్టం. మూడో వంతు మొక్కలు దెబ్బతిన్నాయి. సమాచారం నా ఫోన్‌లోనే ఉంది, నా కంటపడలేదు అంతే. ఆ బాధతోనే ఆర్‌ఎస్‌ఎస్ రీడర్ నేర్చుకున్నాను.

అసలు ఆర్‌ఎస్‌ఎస్ అంటే ఏమిటి?

ఇది కొత్తదేమీ కాదండి, 1999 నుంచీ ఉంది. చాలా వెబ్‌సైట్లకు వెనకాల ఒక చిన్న ఫైల్ ఉంటుంది. కొత్తగా ఏం రాశారో దాని శీర్షిక, తేదీ, లింకు, కొంత సారాంశం అందులో చేరుతూ ఉంటాయి. దాన్నే ఫీడ్ అంటారు. మనం ఇచ్చిన జాబితా పట్టుకుని రీడర్ యాప్ ఒక్కో ఫీడ్ దగ్గరికి వెళ్లి కొత్తవి తెచ్చి పెడుతుంది. పాలకేంద్రం అతను ఇంటింటికీ తిరిగి పాలు పోయించుకుని ఒకే క్యానుకు చేర్చినట్టు. మనం పది సైట్లు తిరగక్కర్లేదు. మన జాబితాలో ఉన్నవే, తేదీ వరసలో వస్తాయి. ఏది ముందు చూపించాలో ఇంకొకరు నిర్ణయించరు.

ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు

ఒకటి, సిగ్నల్ లేని చోట చదవగలనా? మా పొలంలో సిగ్నల్ చెట్టెక్కితే గానీ రాదు. ఇంటి దగ్గర తెచ్చుకున్నవి చేలో చదువుకునే వీలుండాలి.

రెండు, ఒక్క ఫోన్‌లోనే చదువుతానా, కంప్యూటర్‌లో కూడానా? రెండిట్లో అయితే ఖాతా ఉండే రీడర్ కావాలి. ఒక్క ఫోనే అయితే ఖాతా అవసరమే లేదు.

మూడు, నా జాబితాను బయటికి తీసుకోగలనా? అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 2005లో మొదలైన గూగుల్ రీడర్‌ను లోకమంతా వాడింది. 2013 జులై 1న దాన్ని మూసేశారు. జాబితాను ఫైల్‌గా దించుకున్నవాళ్లు ఇంకో రీడర్‌లో పెట్టుకుని హాయిగా ఉన్నారు. ఆ ఫైల్ పేరు ఓపీఎంఎల్. దాన్ని ఇచ్చే, తీసుకునే రీడర్‌నే ఎంచుకోండి.

నేను చూసిన నాలుగు

ఫీడర్: ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే వాడేవారికి నా మొదటి మాట ఇదే. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, ప్రకటనలు లేవు, ఖాతా అడగదు. వైఫై ఉన్నప్పుడే అప్‌డేట్ చేయమని పెట్టుకోవచ్చు. ఒక్కో ఫీడ్‌కు పూర్తి వ్యాసం ముందే దించి ఉంచమని చెప్పొచ్చు, అప్పుడు సిగ్నల్ లేకపోయినా చదువుకోవచ్చు. నోటిఫికేషన్ కూడా ఏ ఫీడ్‌కు కావాలో దానికే పెట్టుకోవచ్చు. నేను చీడపీడల ఫీడ్‌కు మాత్రమే గంట మోగేలా పెట్టుకున్నాను. ఒక జాగ్రత్త, ఇలాంటి పేరుతో వేరే యాప్‌లు కూడా కనిపిస్తాయి. తెరవగానే ఖాతా గానీ డబ్బు గానీ అడిగితే అది ఇది కాదని గుర్తుపట్టండి.

ఇనోరీడర్: ఫోన్, కంప్యూటర్ రెండూ వాడేవారికి. ఉచిత ఖాతాలో 150 ఫీడ్ల వరకు పెట్టుకోవచ్చు, ప్రకటనలు ఉంటాయి. ఫోన్‌లో చదివినది కంప్యూటర్‌లో కూడా చదివినట్టే కనిపిస్తుంది.

ఫీడ్లీ: చూడ్డానికి శుభ్రంగా, కొత్తవారికి తేలిగ్గా ఉంటుంది. ఉచితంగా 100 సైట్ల వరకు, మూడు ఫోల్డర్లు. మనలాంటివాళ్లకు అది చాలా ఎక్కువే.

నెట్‌న్యూస్‌వైర్: ఐఫోన్, మ్యాక్ వాడేవారికి. ఇదీ ఉచితం, ఓపెన్ సోర్స్, ప్రకటనలు లేవు.

నాలుగూ పెట్టుకోవద్దు. ఒకటి ఎంచుకుని నెల రోజులు వాడండి. నచ్చకపోతే ఓపీఎంఎల్ పట్టుకుని మారిపోవచ్చు.

ఫీడ్ ఎలా కలపాలి?

వెబ్‌సైట్ అడ్రస్ కాపీ చేసి రీడర్‌లో 'యాడ్ ఫీడ్' దగ్గర పేస్ట్ చేయండి. ఎక్కువ సైట్లకు ఫీడ్‌ను అదే వెతుక్కుంటుంది. దొరక్కపోతే అడ్రస్ చివర ఒక స్లాష్, తర్వాత ఇంగ్లీషులో ఫీడ్ అనే మాట చేర్చి చూడండి, వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్లకు పనిచేస్తుంది. యూట్యూబ్ చానళ్లకూ ఫీడ్ ఉంది. చానల్ లింకు పేస్ట్ చేస్తే చాలా రీడర్లు తీసుకుంటాయి. ఏదైనా ఒక మాట మీద, ఉదాహరణకు దేశవాళీ వరి మీద, ఎక్కడ కొత్తగా రాసినా తెలియాలంటే గూగుల్ అలర్ట్స్‌లో ఆ మాట ఇచ్చి, ఈమెయిల్ బదులు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ఎంచుకోండి. ఆ లింకును రీడర్‌లో పెట్టేయండి.

మొదట్లో నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఉత్సాహం కొద్దీ అరవై ఫీడ్లు కలిపాను. వారానికి చదవనివి వందలు పేరుకుపోయాయి, మళ్లీ గ్రూపు కథే. కలుపు తీసినట్టు తీసేసి పదకొండుకు తెచ్చాను. చీడపీడలకు మూడు, వాతావరణానికి రెండు, దేశవాళీ విత్తనాలకు మూడు, మా గానుగ నూనె అమ్మకానికి పనికొచ్చే ప్యాకింగ్, లేబుల్ విషయాలకు మూడు. పొద్దున్న పాలు పితికాక పది నిమిషాలు చూస్తాను. రెండు నెలలు ఒక్కటీ చదవని ఫీడ్ ఉంటే తీసేస్తాను.

దీనితో కానివీ ఉన్నాయి. ఫీడ్ లేని సైట్లు చాలా ఉన్నాయి, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవి ఇందులోకి రావు. కొన్ని సైట్లు రెండు లైన్లే ఇస్తాయి, మిగతాది లింకు నొక్కి చదవాలి. ఫీడ్‌లో వచ్చిందల్లా నిజమనీ కాదు. ఎవరిని నమ్మాలో మనమే చూసుకోవాలి. రోజూ చేలోకి దిగి ఆకు తిప్పి చూడటానికి బదులుగా ఏ యాప్ రాదు.

ఈ రబీలో మళ్లీ మొక్కజొన్న వేశాను. హెచ్చరిక వచ్చిన రోజే గంట మోగింది, సాయంత్రం నేనూ మా ఆవిడా వరస వరసా తిరిగి గుడ్లు నలిపేశాం. పురుగు అసలు రాలేదని చెప్పను, కానీ సుడి దాకా పోనివ్వలేదు.

చివరగా ఒక పని. ఈ రోజే రీడర్ పెట్టుకుని, మీకు నిజంగా పనికొచ్చే ఐదు సైట్లు కలపండి. నెల తర్వాత ఓపీఎంఎల్ ఫైల్ దించి, మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. విత్తనం మన గాదెలో ఉంటే ఏ కొట్టు మూతపడినా సాగు ఆగదు. ఇదీ అంతే.