దేవాంగ పిల్లి: మన కొండల్లోని లెమూర్ చుట్టం

 

ఈ సంచికకు జీవశాస్త్రంలో ఒక పాఠం రాయమని ట్రస్టు వారు అడిగారు. ప్లస్ టూ పుస్తకంలో ఉన్నదాన్నే తిరగరాయడం ఎందుకని, పుస్తకం పెద్దగా పట్టించుకోని ఒక జంతువును ఎంచుకున్నాను. మన గుడియాత్తం, వేలూరు పిల్లలకు దాని పేరు తిట్టుగానే తెలుసు. బక్కగా ఉన్న కుర్రవాణ్ణి బళ్ళో తోటివాళ్ళు 'తేవాంగు' అని వెక్కిరిస్తారు. ఆ తేవాంగునే తెలుగులో దేవాంగ పిల్లి అంటాము. అలా వెక్కిరించేవారిలో దాన్ని కళ్ళారా చూసినవాడు నూటికి ఒక్కడు కూడా ఉండడు.

పేరులో పిల్లి ఉంది గానీ అది పిల్లి కాదు. కోతులకు, మనకు దూరపు బంధువు. దగ్గరి బంధువులు మడగాస్కర్ దీవిలోని లెమూర్లు. దేవాంగ పిల్లి బరువు దాదాపు పావు కిలో. తోక లేదు. కాళ్ళూ చేతులూ పుల్లల్లాగా ఉంటాయి. ముఖంలో సగం కళ్ళే. లెమూర్‌కు లాగే దీనికీ ముక్కు కొన తడిగా ఉంటుంది. కింది పళ్ళు ముందుకు వాలి దువ్వెనలాగా ఉంటాయి. కాలి రెండో వేలికి గోకుకోవడానికి ఒక గోరు ఉంటుంది. ఈ మూడు గుర్తులూ పరీక్షకు పనికివస్తాయి, రాసి పెట్టుకోండి.

ఒక చిన్న సంగతి. 1758లో లిన్నేయస్ జంతువులకు పేర్లు పెట్టినప్పుడు సింహళంలోని దేవాంగ పిల్లినీ లెమూర్ల కింద చేర్చి 'లెమూర్ టార్డిగ్రాడస్' అన్నాడు. టార్డిగ్రాడస్ అంటే మెల్లగా అడుగులు వేసేది. లెమూర్ అనే మాట రోమను జనం దయ్యాలకు వాడిన మాట నుంచి వచ్చింది. రాత్రి తిరిగే పెద్ద కళ్ళ జంతువును చూస్తే అక్కడివారికీ దయ్యమే గుర్తుకొచ్చింది, ఇక్కడివారికీ దయ్యమే గుర్తుకొచ్చింది. తరువాత శాస్త్రజ్ఞులు దీన్ని లోరిస్ అనే వేరే ప్రజాతిగా విడదీశారు. మన వైపు ఉండేదాన్ని ఇప్పుడు లోరిస్ లిడెకెరియానస్ అంటున్నారు.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. చెప్పకుండా ఈ పాఠం నడవదు.

1994లో నేను ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా ఉన్నాను. ఒక సోమవారం ఉదయం కొండ దిగువ పల్లెనుంచి వచ్చే ఇద్దరు అబ్బాయిలు గోనెసంచి పట్టుకుని వచ్చారు. "సార్, తేవాంగు దొరికింది. కంచెలో ముడుచుకొని పడుకునుంటే పట్టుకున్నాం. ఊళ్ళో ఉంటే చంపేస్తారని మీ దగ్గరికి తెచ్చేశాం" అన్నారు. వాళ్ళు చేసింది మంచి పనే. చెడ్డ పని చేసింది నేను.

దాన్ని ప్రయోగశాలలో ఒక ఇనప పంజరంలో పెట్టాను. పిల్లలందరూ చూడాలని కిటికీ పక్కనే, వెలుతురులోనే పెట్టాను. తరగతి తరువాత తరగతిని వరసగా తీసుకొచ్చి చూపించాను. అరటిపండు, పాలు పెట్టాను. ముట్టలేదు. ముఖం కాళ్ళ మధ్య దాచుకొని ఉండలాగా ముడుచుకుంది. బెదిరిందిలే, రెండు రోజుల్లో అలవాటుపడుతుంది అనుకున్నాను. మూడో రోజు ఉదయం వెళ్ళి చూస్తే చచ్చిపడివుంది. ఆ అబ్బాయిల్లో చిన్నవాడు, "మీరు సైన్సు సార్ కదా సార్, దానికి ఏం పెట్టాలో మీకు తెలీదా?" అని అడిగాడు. అందులో ఎగతాళి ఏమీ లేదు. నిజంగానే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

సమాధానం కొన్నేళ్ళ తరువాత దొరికింది. 1997–98లో అన్నా నెకారిస్ అనే పరిశోధకురాలు మన తమిళనాడులోనే, దిండుక్కల్ జిల్లా అయ్యలూరు దగ్గర, రాత్రుళ్ళు అడవిలో తిరుగుతూ దేవాంగ పిల్లుల వెంట నడిచింది. మైసూరు విశ్వవిద్యాలయం ఆచార్యులు మేవా సింగ్, ఆయన సహచరులు కూడా దిండుక్కల్‌లోనూ, ఆపైన దక్షిణ ఆంధ్రలోనూ సర్వే చేశారు. ఆంధ్ర సర్వే వ్యాసం 2000లో వచ్చింది. వీటి గురించి చదువుకుంటూ పోతే నా తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మొదటిది తిండి. దేవాంగ పిల్లికి ముఖ్యాహారం పురుగులు. చీమలు, చెదలు, పేడపురుగుల్లాంటి పెంకు పురుగులు. మిగతా జంతువులు ముట్టని ఘాటైన పురుగులను కూడా తింటుంది. కుట్టే పురుగును పట్టేముందు చేతులను తన మూత్రంతోనే తడుపుకుంటుందని గమనించారు. అలాంటిదానికి నేను అరటిపండు పెట్టాను. కోతి జాతి అనగానే అరటిపండు అనుకోవడం మనకు అలవాటు. పంటపొలాల గట్ల మీద తిరిగి పురుగులు తినే ఈ జంతువు రైతుకు ఖర్చు లేని మేలు చేస్తున్నది. దీన్ని చంపే ఊళ్ళలో ఈ మాట గట్టిగా చెప్పాలి.

రెండోది వెలుతురు. చీకట్లో చూడటానికి దాని కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. టార్చి వేస్తే ఆ కళ్ళు నిప్పుకణికల్లా మెరిసేది అందుకే. అలాంటి కంటికి పట్టపగటి వెలుగు హింస. పరిశోధకులు నుదుటి లైటుకు ఎర్ర కాగితం చుట్టి, మెల్లగా నడుస్తూ, మెరిసే కళ్ళను లెక్కపెడతారు. ఎర్ర వెలుగు దాన్ని అంతగా ఇబ్బంది పెట్టదు.

మూడోది ఒంటరితనం. రాత్రి ఒక్కొక్కటీ వేరువేరుగా మేతకు పోయినా, పగలు కొన్ని కలిసి ఒకే కొమ్మ మీద ముద్దగా ముడుచుకొని నిద్రపోతాయి. తల్లి అయిదున్నర నెలలు మోసి ఒకటో రెండో పిల్లల్ని కంటుంది. పిల్ల కొన్ని వారాలు పొట్టను కరుచుకొని ఉంటుంది. ఆ తరువాత తల్లి దాన్ని ఒక కొమ్మకు అంటిపెట్టి మేతకు పోయి, తెల్లవారుజామున వచ్చి తీసుకుపోతుంది. కాబట్టి కొమ్మ మీద ఒంటరిగా పిల్ల కనబడితే 'పాపం, తల్లి వదిలేసింది' అని ఇంటికి తెచ్చుకోకూడదు. అది ఎదురుచూస్తున్న పిల్ల.

తిండి, వెలుతురు, బెదురు, ఈ మూడూ కలిసే నా పంజరంలోని ప్రాణిని చంపాయని నా నమ్మకం. నాకు దయ లేక కాదు. తెలియక.

తెలిసి సాకడం ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలోని డ్యూక్ లెమూర్ సెంటరు మంచి ఉదాహరణ. నార్త్ కరోలినా రాష్ట్రం డర్హాం ఊళ్ళో, డ్యూక్ విశ్వవిద్యాలయం 1966లో దీన్ని మొదలుపెట్టింది. మడగాస్కర్ బయట ఇన్ని రకాల లెమూర్లు ఒకచోట ఇంకెక్కడా లేవు, రెండు వందలకు పైగా ఉన్నాయి. పగలు తిరిగేవాటిని వాతావరణం బాగున్న రోజుల్లో కంచె వేసిన అడవిలోకి వదిలేస్తారు, చలికాలంలో లోపల వెచ్చగా ఉంచుతారు. రాత్రి తిరిగేవాటికి వేరే గదులు. అక్కడ పగటిని రాత్రిగా, రాత్రిని పగలుగా మారుస్తారు. మనకు పగలు అయినప్పుడు వాటికి మసక ఎర్ర వెలుగు. అప్పుడు అవి లేచి తిరుగుతుంటే చూసి రాసుకుంటారు. మన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని నిశాచర జంతువుల గృహం కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. సెలవుల్లో పిల్లల్ని తీసుకుపోయే తల్లిదండ్రులు సింహం, ఏనుగుతో ఆగకుండా అక్కడికీ ఒకసారి వెళ్ళండి.

డ్యూక్‌లో జంతువుకు హాని చేసే పరిశోధనకు అనుమతి లేదు. తూకం వేయాలంటే పట్టి లాగరు. తిండి చూపించి తక్కెడ మీదికి అదే ఎక్కేటట్టు అలవాటు చేస్తారు. బరువు తగ్గితే జబ్బని ముందే తెలుస్తుంది. లావు తోక మరుగుజ్జు లెమూర్ అనే చిన్న ప్రాణి ఒకటుంది. మడగాస్కర్‌లో అది తోకలో కొవ్వు దాచుకొని సంవత్సరంలో నెలల తరబడి నిద్రపోతుంది. అన్ని నెలలు తిండి లేకుండా శరీరం చెడిపోకుండా ఎలా ఉంటుందో అక్కడ చదువుతున్నారు. అది తెలిస్తే రేపు మనుషుల వైద్యానికీ పనికిరావచ్చు.

అయితే అమెరికాలో ఎంత బాగా సాకినా మడగాస్కర్‌లో అడవి లేకపోతే ఏం లాభం? 2020లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం లెక్క ప్రకారం మిగిలిన 107 జాతుల లెమూర్లలో 103 ప్రమాదంలో ఉన్నాయి. అడవిని నరికి, కాల్చి సేద్యం చేయడం, వేటాడటం ముఖ్య కారణాలు. అది బీదదేశం. ఆకలితో ఉన్నవాణ్ణి చెట్టు కొట్టవద్దంటే వినడు. అందుకే డ్యూక్ వారు 2011 నుంచి ఆ దేశపు ఈశాన్య మూలన, వనిల్లా పండే సావా ప్రాంతంలో చెట్లు నాటించడం, చేపల పెంపకం నేర్పడం, బళ్ళలో పాఠాలు చెప్పడం చేస్తున్నారు. లెమూర్ కోసం పెట్టిన సంస్థ చేపల చెరువు తవ్వించడం మొదట నాకు వింతగా తోచింది. ఆలోచిస్తే అదే సరైన దారి.

మన రాష్ట్రంలోనూ ఒక మంచి పని జరిగింది. 2022 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం కరూర్, దిండుక్కల్ జిల్లాల్లో 11,806 హెక్టార్ల అడవిని కడవూరు దేవాంగు అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో ఈ జంతువు కోసమే ఏర్పడిన మొదటి అభయారణ్యం అది. పాతికేళ్ళ కిందట ఎర్ర లైటు పెట్టుకుని నడిచినవారి లెక్కలు లేకపోతే, ఏ అడవిని కాపాడాలో ఎవరికి తెలిసేది?

ఇక మన సంగతి. గుడియాత్తం మధ్యగా పోయే కౌండిన్య నది పలమనేరు కొండల్లోనుంచి దిగి, మోర్దానా డ్యాము దాటి, మన ఊరు వచ్చి పాలారులో కలుస్తుంది. 2021 నవంబరులో అది పొంగినప్పుడు ఏం జరిగిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ నది పుట్టే చిత్తూరు జిల్లా అడవినే 1990లో కౌండిన్య అభయారణ్యం చేశారు. ఏనుగులకు పేరుపడిన ఆ అడవి జంతువుల జాబితాలో దేవాంగ పిల్లి కూడా ఉంది. మనము సైనగుంట దారిలో పలమనేరు బస్సులో పోయేటప్పుడు ఏనుగు కనబడుతుందేమోనని కిటికీలోనుంచి చూస్తాము. పావు కిలో జంతువు కోసం ఎవరూ చూడరు.

దానికి కష్టాలు చాలా ఉన్నాయి. పొలాల మధ్య ముళ్ళ కంచెలు, తుమ్మలు కొట్టేసి ఇనప తీగ వేస్తే ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకు పోయే దారి తెగిపోతుంది. అప్పుడు నేలకు దిగి రోడ్డు దాటబోయి బండ్ల కింద పడుతుంది. కరెంటు తీగ పట్టుకుని చస్తుంది. వీటికి తోడు మన మూఢనమ్మకాలు. ఎదురైతే కీడు అని కొందరు, చేతబడికి పనికొస్తుందని కొందరు, దాని కళ్ళు కంటిజబ్బుకు మందని ఇంకొందరు. కంటిజబ్బుకు వేలూరులో ఆసుపత్రులకు కొదవ లేదు. 1972 వన్యప్రాణి చట్టంలో దేవాంగ పిల్లి మొదటి షెడ్యూలులో ఉంది. చంపినా, పట్టినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ళ జైలు, జుల్మానా. దయతో ఇంట్లో పెంచుకున్నా నేరమే. 1994లో నేను చేసింది కూడా నేరమే.

మీకు దొరికితే ఏం చేయాలి? పగలు కంచెలోనో చెట్టు మీదో నిద్రపోతుంటే అక్కడే వదిలేయండి. దెబ్బ తగిలివుంటే గాలి ఆడే అట్టపెట్టెలో ఒక కొమ్మ పెట్టి, పైన గుడ్డ కప్పి, చీకటిగా చప్పుడు లేకుండా ఉంచి, వెంటనే ఫారెస్టు రేంజి ఆఫీసుకు కబురు చేయండి. పాలు, పండ్లు పెట్టకండి. ఫోటో కోసం ఫ్లాష్ వేయకండి.

ఈ చదువు చదవాలనుకునే పిల్లలు ఉంటే వారికి, వారికన్నా ముఖ్యంగా వారి తల్లిదండ్రులకు ఒక మాట. బయాలజీ అంటే డాక్టరు, లేకుంటే నర్సు అనే మన లెక్కలో ఇంకొక గడి ఉంది. బీయస్సీ జువాలజీ తరువాత వన్యప్రాణి జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ ఊటీ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలోనూ, మయిలాడుదురై దగ్గర మన్నంపందల్ ఏ.వి.సి. కాలేజీలోనూ ఉంది. దెహ్రాదూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీకి దేశమంతటికీ ప్రవేశ పరీక్ష ఉంటుంది, సీట్లు తక్కువ. ప్లస్ టూ తరువాతే పోవాలంటే మేట్టుపాళయం ఫారెస్టు కాలేజీ ఉంది. జీతాలు మొదట్లో గొప్పగా ఉండవు, ఉన్నమాట చెబుతున్నాను. రాత్రి పని, అడవి పని. ఆడపిల్లను పంపవచ్చునా అని అడిగేవారికి, అయ్యలూరు అడవిలో రాత్రుళ్ళు తిరిగినవారి పేరు పైన రాశాను, మళ్ళీ ఒకసారి చదవండి.

మన పిల్లలకు ఇంకొక అనుకూలం ఉంది. కౌండిన్య అడవి అంచున పల్లెల్లో ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం. పశువులు మేపే తాతను ఆయన భాషలోనే కూర్చోబెట్టి, "తాతా, తేవాంగును చివరిసారి ఎక్కడ చూశావు? ఏ చెట్టు మీద? ఏ నెలలో?" అని అడిగి నోటుబుక్కులో రాసుకోగల పిల్ల మన వీధుల్లోనే ఉంది. దెహ్రాదూన్ నుంచి వచ్చినవారికి ఆ పని చేయడానికి ఒక మనిషి తోడు కావాలి. ఈ వేసవి సెలవుల్లో అలా ఎవరైనా రాసి తెస్తే, ఆ నోటుబుక్కు చదవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. తేదీ, చోటు, చెప్పినవారి వయసు తప్పకుండా రాయండి. చూడకపోయినా చూశామని మాత్రం రాయకండి. 'ఇరవై ఏళ్ళుగా కనబడలేదు' అన్నదీ పనికివచ్చే సమాచారమే.