లెక్కలంటే భయమా? పెసరట్టుతో మొదలుపెడదాం!

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా గురువారం సాయంత్రమయ్యేసరికి కడుపునొప్పి అనేది. తిన్నది పడలేదేమో అనుకున్నాను. శుక్రవారం పొద్దున బళ్ళో టైం పెట్టి లెక్కల పరీక్ష ఉంటుందని తరువాత తెలిసింది. ఒకరోజు దాని సంచి సర్దుతుంటే అడుగున మడతపెట్టి దాచిన కాగితాలు మూడు దొరికాయి.

ఒక దాంట్లో ప్రశ్న: నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా? ఎనిమిదో వంతు అని రాసింది. "ఇంత చిన్న లెక్క రాదా? నీ వయసులో నేను ఇరవయ్యో ఎక్కం గడగడా అప్పజెప్పేదాన్ని!" అని అరిచాను. అది ఏడవలేదు. పెన్సిల్ పక్కన పెట్టి, "నేను మ్యాథ్ పర్సన్‌ని కాదమ్మా" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల!

భయం ఏం చేస్తుంది?

లెక్క చేసేటప్పుడు మనం కొన్ని అంకెల్ని కాసేపు మనసులో పట్టి ఉంచుకోవాలి. ఆ చోటు చాలా చిన్నది. భయం వచ్చి అందులో కూర్చుంటే అంకెలకు చోటుండదు. మార్క్ యాష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కర్క్ 2001లో ప్రచురించిన పరిశోధనలో చెప్పింది ఇదే. అంటే, తెలిసిన లెక్క కూడా భయంలో తప్పిపోతుంది.

2015లో వెలువడిన మరో పరిశోధనలో 438 మంది ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని గమనించారు. లెక్కలంటే బెదురున్న తల్లిదండ్రులు తరచుగా హోంవర్క్ చేయించిన ఇళ్ళలో పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నారు, వాళ్ళకూ బెదురు పెరిగింది. అంతగా కూర్చోబెట్టని ఇళ్ళలో అలా జరగలేదు.

మనలో చాలామందికి లెక్కలంటే భయం లేదు. మన భయం వేరు. పిల్ల వెనకబడిపోతుందేమో, వర్జీనియాలో మూడో తరగతి నుంచే ఎస్.ఓ.ఎల్. పరీక్షలు కదా, రేపు థామస్ జెఫర్సన్ హైస్కూల్లో సీటు రాదేమో అని. పిల్లలు కాగితం కన్నా ముందు మన మొహం చదువుతారు.

అమ్మమ్మ చెప్పిన పాఠం

ఆ రోజుల్లో మా అమ్మ ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. మర్నాడు పెసరట్టు వేసి, అట్లకాడతో నాలుగు ముక్కలు చేసింది. "ఇది పావు" అంది. ఒక ముక్కను మళ్ళీ సగం చేసి, "పావులో సగం అరపావు. నీకేది కావాలి తల్లీ?" అని అడిగింది.

"పావు!" అంది మా అమ్మాయి వెంటనే. ఒక్క క్షణం ఆగి, "అమ్మమ్మా, అరపావులు ఎనిమిదైతే ఒక అట్టు కదా! అయితే ఎనిమిదో వంతే చిన్నది!" అంది.

నేను గంటసేపు అరిచి చెప్పలేనిది ఒక్క మాటలో ఉంది. ముప్పావు అన్నా అంతే, మూడు పావులు ఆ పేరులోనే ఉన్నాయి. పదమూడు అంటే పదీ మూడూ. తొమ్మిదికి నాలుగు కలపాలంటే, నాలుగులోంచి ఒకటి ఇచ్చి పది చేస్తే మూడు మిగులుతుంది. పదీ మూడూ పదమూడు! మన భాష పిల్లలకు లెక్కల్లోనూ సాయం చేస్తుంది.

ఇంట్లో మనం చేయగలిగినవి

1. తప్పు కనిపించగానే దిద్దకండి. "ఎలా చేశావో చెప్పు" అని అడగండి. తప్పు ఎక్కడుందో చాలాసార్లు వాళ్ళే పట్టుకుంటారు.

2. ఇక్కడి బళ్ళో పద్ధతి మనం నేర్చుకున్న పద్ధతి కాదు. "నాకూ నేర్పు" అనండి. నేర్పేవాళ్ళకు భయం తగ్గుతుంది.

3. ఇంట్లో గడియారం పెట్టకండి. ముందు అర్థం కానివ్వండి, వేగం తరువాత వస్తుంది.

4. పక్కింటి పిల్లలతో, అన్నతో, అక్కతో పోల్చకండి.

5. మీకు విసుగు వస్తే లేచి వెళ్ళి కాఫీ తాగి రండి. పది నిమిషాల ప్రశాంతమైన లెక్కలు గంట యుద్ధం కన్నా మేలు.

6. అంకెల్ని ఆటలోకి తీసుకురండి. మన షాంటిలీలోని ఉద్వార్-హేజీ మ్యూజియంలో నల్లటి బ్లాక్‌బర్డ్ విమానం ఉంది కదా! అది 1990 మార్చి 6న లాస్ ఏంజిలెస్ నుంచి వాషింగ్టన్‌కు 64 నిమిషాల 20 సెకన్లలో వచ్చింది, గంటకు సగటున 2,124 మైళ్ళ వేగంతో. అంటే నిమిషానికి ఎన్ని మైళ్ళు? 35 పైనే! ఇక్కడి నుంచి డి.సి. సుమారు 25 మైళ్ళు. మన కారుకు ఎంతసేపు, దానికి ఎంతసేపు? ఊహించమనండి. ఊహకు మార్కులుండవు, అందుకే భయమూ ఉండదు.

మా అమ్మాయి భయం ఒక్కరోజులో పోలేదు. ఆ ఏడాదంతా పట్టింది. కాని సంచి అడుగున కాగితాలు దాచడం మాత్రం మానేసింది. తప్పు వచ్చిన కాగితం తెచ్చి, "అమ్మా, ఇది చూడు" అన్న రోజు నాకు నూటికి నూరు వచ్చినంత సంతోషం వేసింది.

పిల్లలూ, మీకో లెక్క! ఒక పెసరట్టులో అన్న ముప్పావు తిన్నాడు, చెల్లి అరపావు తింది. అమ్మకు ఎంత మిగిలింది? తొందర లేదు, నిదానంగా ఆలోచించండి. కావాలంటే అట్టు వేయించుకుని మరీ చేయండి!

(జవాబు: అరపావు. పాపం, అమ్మకు ఇంకో అట్టు వేయాలి!)