చదివితే తెలిసే ఇంగ్లిష్, వింటే ఎందుకు అందదు?

బీటెక్ దాకా ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లు కూడా ఫోన్ ఇంటర్వ్యూలో 'వాట్ డిజు డూ ఆఫ్టర్ గ్రాడ్యుయేషన్?' అని అడగ్గానే తడబడతారు. అదే ప్రశ్న కాగితం మీద రాసి చూపిస్తే హైస్కూలు పిల్లలు సైతం అర్థం చెబుతారు. తెలియని మాట అందులో ఒక్కటీ లేదు. మనం ఇంగ్లిష్‌ను కంటితో నేర్చుకున్నాం. కాగితం మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది, మాట్లాడేటప్పుడు ఆ ఖాళీ ఉండదు.

'డిడ్ యూ'లో డకారం, యకారం కలిసి జకారమవుతాయి. 'మీట్ యూ' అలాగే 'మీచూ' అవుతుంది. 'టెన్ బాయ్స్' అనేటప్పుడు బకారం కోసం పెదవులు ముందే మూసుకుంటాయి కనుక 'టెమ్ బాయ్స్' అని వినిపిస్తుంది. 'నెక్స్ట్ డే'లో నడిమి టకారం జారిపోయి 'నెక్స్ డే' మిగులుతుంది. ఇది చదువులేనివాళ్ల ఉచ్చారణ అని కొందరు అపోహపడతారు. లండన్‌లో వార్తలు చదివేవాళ్లూ ఇలాగే పలుకుతారు.

తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. మన సున్నా 'అంబలి'లో మకారంగా, 'అందరు'లో నకారంగా పలుకుతుంది. 'వాడు ఎక్కడ' అని విడదీసి ఎవరం అనం, 'వాడెక్కడ' అంటాం. ఉత్వ సంధి, ఇత్వ సంధి బడిలో బట్టీ పట్టాం గానీ, ఇంగ్లిష్‌కూ ఇలాంటి కలయికలున్నాయని మనకు చెప్పినవాళ్లు తక్కువ.

అసలు చిక్కు అచ్చులతో వస్తుంది. తెలుగులో ప్రతి అచ్చునూ దాదాపు నిండుగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒత్తి పలికే మాటలే నిలుస్తాయి. 'టు', 'ఫర్', 'ఆఫ్', 'అండ్' లాంటి చిన్న మాటలు నలిగి, 'ష్వా' అనే బలహీనమైన అచ్చుతోనో అదీ లేకుండానో వినిపిస్తాయి. 'కప్ ఆఫ్ టీ' కాస్తా 'కపటీ' అవుతుంది.

అమెరికన్ క్లయింట్లతో పని చేయబోయేవాళ్లు ఒక జంటను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. 'ఐ కెన్ సెండ్ ఇట్' అన్నప్పుడు వాళ్లు 'కెన్'ను 'కన్' అని నలిపేసి, 'సెండ్' మీద ఒత్తు పెడతారు. 'కాంట్' చెప్పాలంటే 'క్యాన్' అని నిండుగా ఒత్తి పలికి, చివరి టకారాన్ని గొంతులోనే ఆపేస్తారు. మనకేమో 'క్యాన్' అని స్పష్టంగా వినిపించగానే 'చేయగలం' అన్నట్టే తోస్తుంది. వాళ్లు చెప్పింది 'చేయలేం' అని! మనం మామూలుగా ఒత్తి పలికే 'క్యాన్' వాళ్లకూ తిరగబడి వినిపించవచ్చు. కాల్‌లో ఏమాత్రం సందేహమున్నా 'సో యూ కెనాట్ సెండ్ ఇట్ టుడే, రైట్?' అని అడిగి తేల్చుకోండి. అలా అడగడం మర్యాదే, ఎవరూ తప్పుపట్టరు.

పరీక్షలో అలా మళ్లీ అడిగే వీలుండదు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష లిజనింగ్‌లో దాదాపు 30 నిమిషాల్లో 40 ప్రశ్నలుంటాయి. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. కాబట్టి పరీక్షకు ముందే చెవికి సాధన కావాలి.

సాధన ఖరీదైనదేమీ కాదు. రాతప్రతి దొరికే ఆడియో అర నిమిషం ముక్క తీసుకోండి. రాతప్రతి చూడకుండా విన్నది విన్నట్టు రాయండి, ఎన్నిసార్లు విన్నా ఫర్వాలేదు. తర్వాత పోల్చి చూడండి. తప్పిన చోట్లు చాలావరకు ఈ కలయికలో, నలిగిన చిన్న మాటలో అయి ఉంటాయి. వాటికి గుర్తు పెట్టుకుని, ఆ గొంతుతో పాటే పైకి పలకండి. నోటితో ఒకసారి పలికిన కలయిక తర్వాత చెవికి సులువుగా దొరుకుతుంది. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లో 'టిమ్స్ ప్రొనన్సియేషన్ వర్క్‌షాప్' వీడియోలు ఈ విషయం మీదే ఉన్నాయి, ఉచితం కూడా. సబ్‌టైటిల్స్ పెట్టుకుని సినిమాలు చూడటాన్ని మాత్రం సాధన కింద లెక్కవేయకండి. అప్పుడు పని చేసేది కన్నే.

మాట్లాడటం మాటేమిటి? 'గోయింగ్ టు', 'వాంట్ టు' నలిగి వచ్చే 'గన్నా', 'వన్నా' వింటే తెలియాలి. ఇంటర్వ్యూలో పనిగట్టుకుని వాడితే అతకదు. మన యాస మార్చుకోనక్కర్లేదు. ముఖ్యమైన మాటల మీద ఒత్తు పెట్టి, నిదానంగా, వాక్యాన్ని ముక్కలు చేయకుండా చెబితే చాలు. మొదటి రోజు నుంచే అమెరికన్ యాస నేర్పుతామనే శిక్షణకు డబ్బు కట్టే ముందు, ఈ వినే సాధన రోజూ కొద్దిసేపు ఒక నెలపాటు చేసి చూడండి. ఆ ఫీజు అవసరమో కాదో మీకే తెలుస్తుంది.