మరలో పోవు తిండి

రైతులు తమ యింటి గ్రాసమునకు వడ్లను మరకు పంపునపుడు తెల్లని బియ్యమునే కోరుట వాడుక. ఆ తెలుపునకై యెంత తిండి నష్టమగునో తెలియుటకు, రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండు దేశములో జరిగిన సంగతి యొకటి చెప్పదగియున్నది.

ఆ దేశమున 1940 జనవరి 8వ తేదీనుండి వెన్న, చక్కెర, పందిమాంసము తూచి యిచ్చుట ప్రారంభమయ్యెను. ప్రతి మనిషికిని ఒక రేషను పుస్తకము. ఇల్లాలు తన పేరు నమోదైన దుకాణమునకే పోవలెను. మనిషికి వారమునకు వెన్న 2 ఔన్సులు, తేయాకు 2 ఔన్సులు, చక్కెర 8 ఔన్సులు, కోడిగ్రుడ్డు ఒకటి. అప్పుడప్పుడు హెచ్చుతగ్గు లున్నను సామాన్యముగా ఇంతయే. మన తూనికలో ఆ వెన్న 5 తులములకు కొంచెము లోపు. అయితే యుద్ధము ముగియువరకు రొట్టెకు మాత్రము రేషను లేదు. ఇది యెట్లు సాధ్యమయ్యె ననునదే మనకు ముఖ్యము.

వారు తినెడి గోధుమలలో సగమునకు మించి ఓడలమీద వచ్చెడివి. ఆ ఓడలను జర్మనుల జలాంతర్గాములు ముంచుచుండెను. పూర్వము 100 మణుగుల గోధుమలు విసరిన 70 మొదలు 73 మణుగుల తెల్లపిండి వచ్చెడిది. తక్కినది పొట్టుగా పశువులకు పోయెడిది. 1942లో ప్రభుత్వము 85 మణుగుల పిండి తీయవలెనని మరలకు ఉత్తరువిచ్చి, తెల్లపిండిని నిషేధించెను. ఇందుకొరకు ఒక యెకరమైనను అదనముగా దున్నలేదు. 12 మణుగులకు తక్కువగాక తిండి మరలోనే దొరకెను.

రొట్టె బూడిదరంగున, ముతకగా నుండెను. జనులు సణిగికొనుచునే తినిరి. జొన్నరొట్టె తిను మనవారికి ఆ సణుగుడు వింతగా తోచును. పొట్టులోని యొక పదార్థము ఆహారములోని సున్నపుసత్తును దేహమునకు పట్టనీయదని మెకాన్సు, విడోసన్ అను శాస్త్రజ్ఞులు చూపగా, పిండిలో శుద్ధిచేసిన సుద్ద కలిపిరి. నష్టము చెప్పకుండుట న్యాయము కాదు: మేత చాలక పందులు, కోళ్లు తగ్గిపోయెను. యుద్ధానంతరము 1946 జూలై మొదలు 1948 జూలై వరకు రొట్టెకును రేషను తప్పలేదు.

ఇక మన వడ్ల సంగతి. 1942లో బర్మా జపానువారి వశమై అచ్చటి బియ్యము వచ్చుట నిలిచెను. 1943లో బొంబాయి మొదలగు పట్టణములలో మనవారికిని రేషను వచ్చెను. 100 మణుగుల వడ్లలో ఊక సుమారు 20 మణుగులు. అది యెట్లును తిండి కాదు. బియ్యమును తెల్లగా నునుపుచేయుటలో మరి 8 మొదలు 10 మణుగులు తవుడుగా పోవును. బి1 విటమిను ఎక్కువగా ఆ తవుడులోనే యున్నది. ఉత్తర సర్కారు జిల్లాలలో తెల్లబియ్యమే తినువారికి కాళ్లు తిమ్మిరెక్కించిన బెరిబెరి వ్యాధి దాని లోపముచే వచ్చినదే. ఉప్పుడు బియ్యము తినువారికి అది అరుదు. వడ్లను ఉడికించునపుడు ఆ సత్తువ గింజలోనికి దిగును.

కావున ఇంటి గ్రాసమునకు వడ్లను దంపించుకొనుడు, లేదా మరలో ఒక్కసారి మాత్రమే పట్టించుడు. తవుడులో నూనె యుండుటచే ఇట్టి బియ్యము త్వరగా ముక్కవాసన పట్టును, పురుగు చేరును. వడ్లను గాదెలోనే యుంచి, వారము పది దినములకు సరిపడునంతయే దంపుకొనవలయును. బియ్యమును పలుమార్లు కడుగక, గంజి వార్చక, అత్తెసరుగా వండవలయును. వంటచెరకు కొంచె మెక్కువ పట్టుట నిజమే. పాడిపశువులకు తవుడు తగ్గినచో ఆ లోటును తెలగపిండితో పూడ్చవలయును.