లిలువా బస్సుకు డబ్బెవరివ్వాలి?

ప్రశ్న: రాత్రయితే మా హౌరాలోని లిలువాలో బస్సు దొరకదు. హైదరాబాద్‌లో కార్పొరేషనే ఆర్టీసీకి డబ్బిచ్చిందట. మేమూ హౌరా కార్పొరేషన్‌ను అడగవచ్చా?

జవాబు: అడగండి, తప్పు లేదు. హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) ఆర్టీసీ నష్టాలకు కొంత డబ్బిచ్చిన మాట నిజమే. కానీ 2019 ఆర్టీసీ సమ్మెప్పుడు తెలంగాణ హైకోర్టులో, ఇచ్చి తీరాలని చట్టంలో లేదని వాదించింది. నగరానికి బస్సు కావాలి, బిల్లు మాత్రం వద్దంటే ఎలా?

మీ దగ్గర 2016లో మూడు సంస్థలు కలిసి ఏర్పడిన పశ్చిమ బెంగాల్ రవాణా సంస్థను ఆదుకునేది రాష్ట్ర ఖజానాయే. ప్రైవేటు బస్సులకు, మినీ బస్సులకు టికెట్ డబ్బే ఆధారం. సీట్లు నిండని వేళ బండి తీయరు. కాబట్టి ఏ స్టాపులో, ఏ వేళకు, ఎంతమంది నిలబడిపోతున్నారో వారం పాటు రాసిపెట్టండి. లిలువా రైల్వే వర్క్‌షాపు కార్మికుల సంతకాలతో ఆ కాగితం రాష్ట్ర రవాణా శాఖకివ్వండి, నకలు మీ ఎమ్మెల్యేకు.