గాదంకి పరిశోధన మన ఇంటి భాషలో



తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి మీకు తెలిసిందే. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఉన్న ఎంఎస్‌టీ రాడార్ ఆకాశంలో చాలా ఎత్తున వీచే గాలుల వేగాన్ని, దిశను కొలుస్తుంది. ఈ సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? పరిశోధన ఫలితాలు ఎక్కువగా ఇంగ్లిష్ జర్నల్స్‌లోనే వస్తాయి మరి.

ఆఫ్రికాలోనూ ఇదే ఇబ్బంది. అక్కడి ‘మసఖానే’ పరిశోధకులు 2019 నుంచి తమ భాషలకు ఏఐ అనువాదం తయారుచేస్తున్నారు. జులు భాషలో ఆ మాటకు ‘కలిసి కడదాం’ అని అర్థం. మనకు 2022లో కేంద్రం ప్రారంభించిన ‘భాషిణి’ ఉంది.

ఆదివారం ఇలా చేయండి:

1. గాదంకి ప్రయోగశాల వెబ్‌సైట్‌లో ఒక పేరా పిల్లల చేత చదివించండి.
2. దాన్ని ఏఐతో తెలుగులోకి మార్పించండి.
3. రెండూ పక్కపక్కన పెట్టి తప్పులు వెతకమనండి.

ఒక జాగ్రత్త: ఏఐ ఒక్కోసారి లేని పరిశోధన పత్రాల పేర్లు కూడా చెబుతుంది. అసలు పత్రం కంటితో చూశాకే ప్రాజెక్టులో రాయనివ్వండి.

ఇంగ్లిష్ రాదని మీరు వెనక్కి తగ్గకండి. ఏఐ రాసిన తెలుగు సరిగా ఉందో లేదో మా కంటే ఇంట్లో నానమ్మే బాగా చెప్పగలదు.