బేస్‌బాల్ రిలీఫ్ పిచర్లు - కెరీర్ మైలురాళ్లు

నేపథ్యం

బేస్‌బాల్ మ్యాచ్ సాధారణంగా 9 ఇన్నింగ్స్ సాగుతుంది. ప్రతి ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకు 3 ఔట్లు ఉంటాయి. మ్యాచ్‌ను ఆరంభించే పిచర్‌ను స్టార్టర్ అని, తరువాత బరిలోకి దిగే ప్రతి పిచర్‌నూ రిలీఫ్ పిచర్ లేదా రిలీవర్ అని వ్యవహరిస్తారు.

20వ శతాబ్ది మధ్యభాగం వరకు పిచర్ల సామర్థ్యాన్ని ప్రధానంగా విజయాలు, పరాజయాల సంఖ్య ఆధారంగా అంచనా వేసేవారు. ఆధిక్యాన్ని కాపాడిన రిలీవర్‌కు ప్రత్యేక గుర్తింపు ఉండేది కాదు. అదే ఆధిక్యాన్ని పోగొట్టినా, తరువాత తన జట్టు బ్యాటర్లు పరుగులు సాధిస్తే విజయం అతడి ఖాతాలో చేరే అవకాశం ఉండేది. 1959లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ రిలీవర్ ఎల్రాయ్ ఫేస్ 18 విజయాలు, 1 పరాజయం నమోదు చేశాడు. ఈ గణాంకం రిలీవర్ అసలు పనితీరును ప్రతిబింబించడం లేదని భావించిన షికాగో క్రీడా పాత్రికేయుడు జెరోమ్ హోల్ట్జ్‌మన్ ‘సేవ్’ అనే ప్రమాణాన్ని రూపొందించాడు. అమెరికా అగ్రశ్రేణి లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ దీనిని 1969లో అధికారిక గణాంకంగా స్వీకరించింది.

సేవ్ - నిర్వచనం

గెలిచిన జట్టు తరఫున మ్యాచ్‌ను ముగించి, విజయం తన ఖాతాలో పడని పిచర్‌కు సేవ్ లభిస్తుంది. అతడు కనీసం ఒక ఔట్ మేరకు పిచింగ్ చేసి ఉండాలి. దీనితోపాటు కింది మూడింటిలో ఏదో ఒక షరతు నెరవేరాలి.

1. 3 పరుగులు లేదా అంతకంటే తక్కువ ఆధిక్యంతో వచ్చి, కనీసం 1 ఇన్నింగ్స్ వేయడం.
2. స్కోరును సమం చేయగల ప్రత్యర్థి బేస్‌పై, బ్యాటింగ్‌లో లేదా తరువాతి వంతులో ఉన్నప్పుడు బరిలోకి దిగడం.
3. కనీసం 3 ఇన్నింగ్స్ సమర్థంగా వేయడం.

1969 నాటి నిబంధనను తరువాత సవరించారు. ప్రస్తుత రూపం 1975 నుంచి అమల్లో ఉంది.

రిలీవర్ల వర్గీకరణ

క్లోజర్: చివరి ఇన్నింగ్స్‌లో ఆధిక్యాన్ని కాపాడేవాడు. క్రికెట్‌లో ఆఖరి ఓవర్ల బౌలర్ బాధ్యతకు ఇది సమీపంగా ఉంటుంది.
సెటప్ పిచర్: క్లోజర్‌కు ముందు, సాధారణంగా 8వ ఇన్నింగ్స్‌లో వచ్చేవాడు. ఇతడు ఆధిక్యాన్ని నిలబెట్టి తరువాతి పిచర్‌కు అప్పగిస్తే దానిని ‘హోల్డ్’గా లెక్కిస్తారు. హోల్డ్ 1986లో వాడుకలోకి వచ్చింది.
లాంగ్ రిలీవర్: స్టార్టర్ త్వరగా వైదొలగినప్పుడు ఎక్కువ ఇన్నింగ్స్ వేసేవాడు.

ప్రధాన మైలురాళ్లు (మేజర్ లీగ్ బేస్‌బాల్)

300 సేవ్‌లు: తొలిసారి సాధించినవాడు రోలీ ఫింగర్స్ (1982). కెరీర్ మొత్తం 341.
400 సేవ్‌లు: తొలిసారి లీ స్మిత్ (1993). కెరీర్ మొత్తం 478.
500, 600 సేవ్‌లు: రెండింటినీ తొలిసారి అందుకున్నవాడు ట్రెవర్ హాఫ్‌మన్ (2007, 2010). కెరీర్ మొత్తం 601.
అత్యధిక సేవ్‌లు: న్యూయార్క్ యాంకీస్ క్లోజర్ మరియానో రివేరా, 652. 2011 సెప్టెంబరు 19న 602వ సేవ్‌తో హాఫ్‌మన్‌ను అధిగమించాడు.
1,000 మ్యాచ్‌లు: ఈ మైలురాయిని చేరిన తొలి పిచర్ హోయ్ట్ విల్‌హెల్మ్. మొత్తం 1,070. అత్యధిక మ్యాచ్‌ల రికార్డు జెస్సీ ఒరోస్కోది, 1,252.
ఒకే సీజన్‌లో అత్యధిక సేవ్‌లు: ఫ్రాన్సిస్కో రోడ్రిగెజ్, 62 (2008).
వరుస సేవ్‌లు: ఎరిక్ గాన్యే, 84 (2002-2004).

మైలురాళ్ల విలువలో మార్పు

సేవ్‌ల సంఖ్యను అది నమోదైన కాలంతో కలిపి అధ్యయనం చేయాలి. 1970వ దశకంలో ప్రధాన రిలీవర్ తరచుగా 2 లేదా 3 ఇన్నింగ్స్ వేసేవాడు. 1980వ దశకం చివర ఓక్లాండ్ మేనేజర్ టోనీ లా రూసా, డెనిస్ ఎకర్స్‌లీని ప్రధానంగా 9వ ఇన్నింగ్స్‌కు పరిమితం చేయడంతో ఒక్క ఇన్నింగ్స్ క్లోజర్ విధానం స్థిరపడింది. దీనివల్ల క్లోజర్‌పై శారీరక భారం తగ్గి, సేవ్ అవకాశాలు పెరిగాయి.

ఫింగర్స్ 944 మ్యాచ్‌లలో సుమారు 1,701 ఇన్నింగ్స్ వేశాడు. రివేరా 1,115 మ్యాచ్‌లలో సుమారు 1,284 వేశాడు. స్టార్టర్‌గా ఆడిన మ్యాచ్‌లు (ఫింగర్స్ 37, రివేరా 10) కలిపి చూసినా సగటు వరుసగా 1.8, 1.15 ఇన్నింగ్స్. కనుక ఫింగర్స్ 341 సేవ్‌లను, రివేరా 652 సేవ్‌లను కేవలం సంఖ్యాపరంగా పోల్చడం శాస్త్రీయం కాదు.

ప్రాధాన్యం

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో రిలీవర్లకు చోటు దక్కడంలో ఈ మైలురాళ్లు కీలకం. అయితే సంఖ్య ఒక్కటే ఎంపికకు హామీ ఇవ్వదు. 300 సేవ్‌లు గల బ్రూస్ సటర్ 2006లో ఎంపికయ్యాడు. 424 సేవ్‌లతో ఎడమచేతి పిచర్లలో అగ్రస్థానంలో ఉన్న జాన్ ఫ్రాంకో 2011లోనే ఓటింగ్ జాబితా నుంచి తొలగిపోయాడు.

జపాన్‌లో విశిష్ట ఆటగాళ్ల సంఘమైన మెయిక్యూకైలో పిచర్లకు సభ్యత్వ అర్హత 200 విజయాలు లేదా 250 సేవ్‌లు. జపాన్ వృత్తి లీగ్‌లో అత్యధికంగా 407 సేవ్‌లు సాధించినవాడు హితోకి ఇవాసే. దక్షిణ కొరియా లీగ్‌లో 400 సేవ్‌లు దాటిన తొలి పిచర్ ఓ సుంగ్-హ్వాన్ (2023).

గుర్తుంచుకోవాల్సిన అంశాలు

- హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి రిలీవర్: హోయ్ట్ విల్‌హెల్మ్ (1985).
- ఒక్క మ్యాచ్‌నూ ఆరంభించకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికైన తొలి పిచర్: బ్రూస్ సటర్.
- హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఏకగ్రీవంగా ఎంపికైన తొలి ఆటగాడు: మరియానో రివేరా (2019, 425 ఓట్లకు 425).
- ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు పొందిన తొలి రిలీవర్: మైక్ మార్షల్ (1974). ఆ సీజన్‌లో అతడు ఆడిన మ్యాచ్‌లు 106.
- ఒకే ఏడాది సై యంగ్, అత్యంత విలువైన ఆటగాడి అవార్డులు రెండూ పొందిన రిలీవర్లు: ఫింగర్స్ (1981), విల్లీ హెర్నాండెజ్ (1984), ఎకర్స్‌లీ (1992).